వాకిలి తీసిపెట్టు

నేను కార్డ్‌లెస్ ఫోన్ ఎప్పుడూ కొనలేదు. అవి కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరింటికైనా వెళ్తే, తీగ లేని ఫోన్ నా చేతిలో పెట్టి గొప్పగా మాట్లాడమనేవాళ్లు. నేను దాన్ని దాని పెట్టె మీదే పెట్టేసి, తీగ ఉన్న ఫోన్ లేదా అని అడిగేదాన్ని. చాదస్తం అనుకునేవాళ్లు. అనుకోనీ. తీగ లేని మాట ఎక్కడిదాకా పోతుందో నేను కళ్లారా చూశాను. ఒక అమ్మాయి తల్లి దగ్గరికి తిరిగి రావాలనుకుంది. ఆ సంగతి తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దాన్ని మా ఊరంతా వినింది. ఆ గొంతు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

మాది చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో ఒక పల్లె. మా నాయనకు మైకుసెట్టు ఉండేది. పెళ్లికైనా, ఎలక్షన్‌కైనా, గుడి దగ్గర పండగకైనా మా హారన్లే కట్టేవాళ్లు. ఆ హారన్ల కింద బతికీ బతికీ నాయనకు ఒక చెవి మందగించింది. నేను తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదివి వచ్చి, ఉద్యోగం దొరికేదాకా ఆయన పక్కన ఆంప్లిఫయర్ ముందు కూర్చునేదాన్ని. ఆడపిల్ల మైకు దగ్గర కూర్చోవడమేమిటని మొదట్లో గొణిగినవాళ్లు, మాట స్పష్టంగా వినిపించడం మొదలయ్యాక నోరు మూసుకున్నారు.

ఎండాకాలంలో మా గుడి దగ్గర భారతం ఆడే రోజుల్లో తపసు అనే వేడుక జరుగుతుంది. మైదానం మధ్యలో తాటిచెట్టంత మాను నాటి, దానికి అడ్డంగా మెట్లు కొడతారు. వేషం కట్టిన ఆయన ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. బిడ్డలు కలగని ఆడవాళ్లు స్నానం చేసి, తడి చీరతోనే ఆ మాను చుట్టూ నేల మీద బోర్లా పడుకుంటారు. ఆయన కొస దాకా ఎక్కి నిమ్మకాయలూ విభూతీ విసిరేదాకా తల ఎత్తకూడదు. ఎవరి మీద నిమ్మకాయ పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. నేల కాలిపోతూ ఉంటుంది. చీర ఆరిపోతే పక్కనున్నవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు.

ఆ యేడు ఆ ఆడవాళ్లలో మా అక్క కూడా ఉంది. అక్కను ఊళ్లోనే ఇచ్చారు, గుడికి ఎదురు వీధిలో. పెళ్లయి చాలా ఏళ్లయినా బిడ్డలు లేరు. వేలూరు ఆస్పత్రికి తిరిగి తిరిగి విసిగిపోయింది. తపసు మీద నమ్మకం ఉందో లేదో నాకెప్పుడూ చెప్పలేదు. అత్త పడుకోమంది, పడుకుంది.

అంతకుముందు యేడాది దాకా మైకు తీగను మాను పొడవునా కట్టేవాళ్లం. ఎక్కే ఆయన కాలికి తీగ చుట్టుకుని ఒకసారి పైనుంచి పడబోయాడు. అప్పటినుంచి నాయనకు అదే దిగులు. మద్రాసు పోయి తీగ లేని మైకు కొనుక్కొచ్చాడు. చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, నడుముకు కట్టుకునే చిన్న డబ్బా, మా ఆంప్లిఫయర్ పక్కన పెట్టుకునే రిసీవర్ పెట్టె, అంతే. నాయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగాడు. ఒక్కటే భయం ఆయనకు, బ్యాటరీ.

వేషం కట్టిన ఆయనను పిలిచి చెప్పాడు. "ఒక పద్యం అయినాక డబ్బా ఆపెయ్యప్పా. ఇంకో పద్యం ఎత్తుకునేటప్పుడు మళ్లా వేసుకో. పైకెక్కినాక బ్యాటరీ అయిపోతే మార్సేది ఎవురు?"

ఇక్కడ ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. నడుముకు కట్టిన డబ్బా గాలిలోకి మాటను వదులుతుంది. రిసీవర్ దాన్ని అందుకుంటుంది. మధ్యలో తాళం లేదు, గుర్తు లేదు, నువ్వెవరని అడగడం లేదు. తన మైకు ఆగిపోతే ఆ పెట్టె ఊరుకోదు. దగ్గర్లో ఏది గట్టిగా పలుకుతుంటే దాన్నే తన మైకు అనుకుని అందుకుంటుంది. ఆ రోజుల్లో వచ్చిన కార్డ్‌లెస్ ఫోన్లు కూడా అంతే. ఇంటి గోడకున్న తీగ దాకా మాట గుట్టుగానే వస్తుంది. అక్కడినుంచి చేతిలోని ఫోన్ దాకా ఉన్న పది బారల దూరంలో మాత్రం విప్పి ఆరేసిన బట్టలాగా గాలిలో ఉంటుంది. దాన్ని చేసినవాళ్లకు అది తెలుసు. అమ్మినవాళ్లకూ తెలిసే ఉంటుంది. కొన్నవాళ్లకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. అందుకు నాకు ఇప్పటికీ మండుతుంది.

మా ఊళ్లో అలాంటి ఫోన్ ఒక్క ఇంట్లోనే ఉండేది. గుడి పక్కనే ఉన్న మిద్దె ఇల్లు. ఆ ఇంటాయనకు చిత్తూరులో బెల్లం మండీ. ఆయన భార్యను మేమందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్లిపోయిన రోజున ఆయన నడివాకిట్లో తలకు నీళ్లు పోసుకుని, తనకు కూతురు లేదన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరు ఎత్తినవాళ్లు లేరు.

తపసు రోజు ఉభయం ఆయనదే, అంటే ఆ రోజు పూజా ఖర్చూ మర్యాదలూ ఆయనవే. మెడలో గుడి దండ వేసుకుని, తలపాగా చుట్టుకుని, మాను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. లేవడానికి లేదు. ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. పెద్దమ్మ మాత్రం తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది. తల్లీ కూతుళ్లు ఎంత ఆలోచించి ఆ వేళ పెట్టుకున్నారో నాకు తర్వాత అర్థమైంది. ఆ వేళ ఇంట్లో ఎవరూ ఉండరు, వీధిలో ఎవరూ ఉండరు. ఇంకా భద్రంగా ఉంటుందని పెద్దమ్మ ఫోన్ తీసుకుని మిద్దె మీదికి పోయింది. మిద్దె మీద నుంచి మా రిసీవర్‌కు అడ్డంగా గోడ కూడా లేదు.

వేషం కట్టిన ఆయన సగం మాను ఎక్కాడు. పద్యం ముగించి, నాయన చెప్పినట్టే నడుము దగ్గర డబ్బా ఆపాడు. హారన్లలో ఒక్క క్షణం గాలి రొద వినిపించింది. ఆ తర్వాత ఒక ఆడపిల్ల గొంతు.

"అమ్మా... వస్తా ఉండాను మా. పొద్దుగూకే బస్సుకు. నీ కాడికే వస్తా ఉండాను. వాకిలి తీసిపెట్టు."

నేను మీట కోసం తడుముకున్నాను. అప్పుడే రెండో గొంతు, పెద్దమ్మది, మా హారన్లన్నింటిలోంచీ ఊరి నాలుగు దిక్కులకూ వినిపించింది.

"మెల్లిగా మాట్లాడు మా. ఎవురన్నా వింటారు."

నేను మీట కిందికి లాగేశాను. ఇదంతా జరగడానికి ఒక గుక్క నీళ్లు తాగినంత సేపు కూడా పట్టి ఉండదు. అమ్మవారు పలికిందని వెనక ఎవరో చేతులు జోడించారు. కొందరు నవ్వారు. ఆ రెండు గొంతులూ తెలిసినవాళ్లు మాత్రం కుర్చీ వైపు చూశారు. ఆయన దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. ఎవరినీ చూడకుండా ఇంటి వైపు నడిచాడు.

నేను లేచాను. "నాయనా, ఆయన పోతా ఉండాడు. నేను పోయి పెద్దమ్మకు సెప్పొస్తా."

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో. నా చెవికి ఇది పట్టదు, నువ్వు పోతే పాట నిలిచిపోతుంది. పాట నిలిస్తే వేషమాయన మాను ఎక్కడు. ఆ ఆడోళ్లు ఎండలో అట్లే పడుండాల. మీ అక్క గూడా ఆణ్ణే ఉండాది."

అక్క వీపు మీద ఎవరో అప్పుడే నీళ్లు పోస్తున్నారు. ఆ ఎండలో పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను కూర్చున్నాను. నేను చేసింది తప్పని నేననుకోను. నాయనదీ కాదంటాను. తప్పు ఎవరిదని అడిగితే మాత్రం ఆ మధ్యాహ్నమంతా నాకు కనిపించిన ప్రతి వస్తువునూ నేలకేసి కొట్టాలనిపించింది. నడుము డబ్బా మళ్లీ పలికింది, పద్యం మొదలైంది, ఆయన ఎక్కుతూనే ఉన్నాడు.

కొసన నిలబడి ఆయన విసిరిన నిమ్మకాయల్లో ఒకటి అక్క భుజం మీద పడింది. అందరూ గోలగోలగా అరిచారు. అక్క దాన్ని కొంగున కట్టుకుని లేచింది. ముఖమంతా మట్టి. నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "వినినావా? నీ కాడికే వస్తా ఉండాను అనింది."

"అది ఫోన్లో మాటక్కా," అన్నాను.

"ఏదో ఒకటిలే," అని వెళ్లిపోయింది.

నేను పరుగెత్తుకుంటూ మిద్దె ఇంటికి పోయాను. తలుపుకు బయటినుంచి తాళం పడి ఉంది. ఆయన అరుగు మీద, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. కరెంటు స్తంభం పక్కనుంచి ఇంటికి వచ్చే ఫోన్ తీగ తెగి వేలాడుతోంది. పెద్దమ్మ లోపలే ఉందని తెలుస్తోంది, కానీ అలికిడి లేదు. నోరు తెరిస్తే బావిలో దూకుతానని ఆయన చెప్పాడట. ఆ మనిషి అన్నంత పనీ చేసే రకమే. పెద్దమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఆ తలుపుకు అవతలే కూర్చుందని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

నేను బస్సు ఆగేచోట నిలబడ్డాను. పొద్దుగూకేవేళ బస్సు వచ్చింది. ఆ అమ్మాయి ఒక చేతిసంచితో దిగింది. చిక్కిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"మీ నాయనకు తెలిసిపోయిందిమా," అన్నాను.

నవ్వు పోయింది. "ఎట్ల తెలిసింది?"

చెప్పాను. తీగ లేని మైకు సంగతి, మీ ఫోన్ సంగతి, గాలిలో మాటలు కలిసిపోవడం, పెట్టెకు ఎవరి మాటో తెలియకపోవడం. డిగ్రీలో చదివినదంతా ఆ బస్సు దగ్గర దుమ్ములో నిలబడి చెప్పాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ వినింది.

"ఫోన్లో మాట్లాడింది మైకులో ఎట్ల వస్తాదక్కా?" అంది. "ఎందుకు అబద్ధాలు సెప్తావు? మా యమ్మే సెప్పింటుంది. భయపడి సెప్పేసింటుంది."

"లేదుమా, ఊరంతా వినినారు, ఎవురినైనా అడుగు."

"ఒక్కదానికే సెప్పినానక్కా," అంది. "ఒక్కదానికే."

అయినా తన ఇంటి ముందుకు వెళ్లి నిలబడింది. ఆయన తల ఎత్తలేదు. ఆమె "అమ్మా" అని ఒక్కసారి పిలిచింది. లోపలినుంచి ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దమే ఆమెకు సాక్ష్యమైంది. అది నాకు ఆమె భుజాల్లో తెలిసింది. వీధిలో తలుపులన్నీ ఒక్కొక్కటీ మూసుకున్నాయి, ఆయన మాటకు ఎదురు నిలబడేవాళ్లు ఎవరూ లేరు.

మా అక్క తలుపు తెరిచే ఉంది. గడప మీద అక్క నిలబడి ఉంది, ఇంకా ఆ మట్టి చీరతోనే. వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తాగడానికి ఏదైనా ఇవ్వాలి కదా. ఇంట్లో ఇంకో నిమ్మకాయ లేదు. అక్క కొంగు ముడి విప్పి, ఆ మాను మీదనుంచి పడిన కాయనే కోసి, ఉప్పూ బెల్లమూ వేసి, నీళ్లలో పిండి ఇచ్చింది. అత్త గుండెలు బాదుకుంది. అక్క వినిపించుకోలేదు. ఆ పిల్ల నీళ్లన్నీ తాగి, పెరుగన్నం రెండు ముద్దలు తిని, తిరుపతి బస్సు ఎక్కేసింది. ఎక్కడికి పోతున్నావని మేము అడిగాం. చెప్పలేదు. ఇంకెవరికీ ఏమీ చెప్పనంది.

ఆ తర్వాత ఆమె జాడ లేదు. పెళ్లి చేసుకున్నవాడి దగ్గర లేదని తెలిసింది. తిరుపతిలో ఎవరో చూశామన్నారు, సూళ్లూరుపేట రైల్లో చూశామన్నారు. ఏదీ నిలవలేదు. అక్కకు బిడ్డలు కలగలేదు. నిమ్మకాయ పరాయిదానికి పిండి పోసిందని ఊరు ఇప్పటికీ అంటుంది. "వస్తానన్న పిల్ల వచ్చింది. మళ్లా ఏం కావాల?" అంటుంది అక్క.

పెద్దమ్మ మధ్యాహ్నం పూట, ఆయన మండీకి పోయాక, అక్క ఇంటికి వచ్చేది. ప్రతిసారీ అవే ప్రశ్నలు. ఏం తినింది? ఎన్ని ముద్దలు? జడ వేసుకునిందా, ముడి వేసుకునిందా? ఏ రంగు చీర? అక్క విసుక్కోకుండా మొదటినుంచీ చెప్పేది. చివరికి పెద్దమ్మ అడిగేది. "నన్ను గురించి ఏమన్నా అనిందా?"

"అమ్మ ఒళ్లు బాగుందా అని అడిగింది," అనేది అక్క. మేమిద్దరం అనుకుని పెట్టుకున్న మాట అది. అసలు మాట చెప్పడానికి మాకు నోరు రాలేదు.

నాయన ఆ మైకును పెట్టెలో పెట్టి అటక ఎక్కించాడు. మళ్లీ తీగలే కట్టాడు. మరుసటి యేడు తపసుకు పెద్దమ్మ ఆంప్లిఫయర్ దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆ మిషను ఒక్క నిమిసం పెట్టు మా. ఊరకే పెట్టు. మళ్లా పలుకుతుందేమో."

"అది దూరం నుంచి పట్టదు పెద్దమ్మా. మన వీధి దాకానే."

"అదే కదమ్మా," అంది. "వీధి దాకా వచ్చింటే?"

నేను ఇంటికి పోయి అటక మీదనుంచి ఆ పెట్టె దింపి తెచ్చి తగిలించాను. హారన్లకు కలపలేదు, చెవికి పెట్టుకునేది ఆమెకు ఇచ్చాను. ఆమె కళ్లు మూసుకుని ఆ గాలి రొద వింటూ కూర్చుంది. ఆ తర్వాత నేను కూడా పెట్టుకుని విన్నాను. ఏమీ లేదు. ఏమీ లేని ఆ రొదలో నాకు మాత్రం 'ఒక్కదానికే' అన్న మాట వినిపించింది. చాలా రోజులు ఏ రేడియో పెట్టినా, రెండు స్టేషన్ల మధ్య ఉండే ఖాళీలో అది వినిపిస్తూనే ఉండేది. నాకు భయం వేసేది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది.

ఆ తర్వాత నాకు తిరుపతిలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. నాయన పోయాడు. చేతి ఫోన్లు వచ్చాయి, వాటిలో బ్లూటూత్ వచ్చింది. తీగ లేకుండా పక్క ఫోన్‌కు పాటలూ ఫోటోలూ పంపుకోవడం పిల్లలకు ఆటైపోయింది. ఆ ఫోన్లను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టుకునేవాళ్లు. రహస్య అంకె అడిగితే నాలుగు సున్నాలు. ముక్కూ మొహం తెలియనివాడు పక్కన నిలబడి, కొన్ని రకాల ఫోన్లలోంచి నంబర్లన్నీ లాక్కుని పోవచ్చని క్లాసులో చెప్పేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. మేడమ్ మళ్లీ మొదలుపెట్టింది అనుకునేవాళ్లు. నేను కోప్పడేదాన్ని, ఉన్నదానికంటే ఎక్కువగానే. ఎందుకో వాళ్లకెలా తెలుస్తుంది?

సిటీ బస్సు ఎక్కితే నా ఫోన్లో చుట్టుపక్కల ఎన్ని ఫోన్లు తెరిచి ఉన్నాయో వెతికి చూడటం నాకు అలవాటైపోయింది. పుండు గోక్కోవడం లాంటిదే అది. ఒకరోజు తిరుచానూరు నుంచి వస్తున్నాను. అమ్మవారి గుడినుంచి వచ్చే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. వెతికాను. కంపెనీ పెట్టిన పేర్లు, హీరోల పేర్లు, పిచ్చి పేర్లు వరసగా వచ్చాయి. వాటి కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి కనిపించింది.

అమ్మ చెప్పలా.

చెప్పలేదు అనడానికి మా పక్క మాట అది. తల తిప్పి చూశాను. వెనక సీట్లో కిటికీ పక్కన పెద్దమ్మ కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడిపోయింది. మిద్దె ఇంటాయన పోయి యేడాది దాటిందని అక్క చెప్పింది గానీ, ఈమె ఇలా తిరుగుతోందని నాకు తెలియదు. ఫోన్ ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

జనాన్ని తోసుకుని ఆమె దగ్గరికి పోయాను. నన్ను చూసి సంతోషపడింది. పక్కన చోటిచ్చింది. నెలకోసారి తిరుపతికి వస్తుందట. అలిపిరి దాకా పోయి, బస్టాండులో కాసేపు కూర్చుని, తిరుచానూరు చూసుకుని పోతుందట.

"ఫోన్లో ఆ పేరు ఎవురు పెట్టినారు పెద్దమ్మా?"

"అంగట్లో రాయించుకున్నాను. పక్కనుండేవాళ్ల ఫోన్లో కనపడతాదని చెప్పినారు."

నాలోని టీచరమ్మ అప్పుడు కూడా ఊరుకోలేదు. "ఇట్ల తెరిచి పెట్టుకోకూడదు. ఎవురైనా లోపలికి వచ్చేయొచ్చు. ఉండేదంతా ఎత్తుకోని పోతారు."

"ఏముండాది మా దీంట్లో ఎత్తుకోని పోను?" అంది. "రానీ."

ఫోన్‌ను కొంగుతో తుడిచింది. మళ్లీ నా వైపు తిరిగింది. "నేనే సెప్పినాననుకోనుండాది కదమ్మా అది?"

ఇన్నేళ్లు మేము దాచిన మాట. "నీకు... అక్క ఏమన్నా సెప్పిందా?"

"ఎవురూ సెప్పలా. దానికి తెలిసింది నా ఒక్కదానికే కదా. నేనైనా అట్లనే అనుకోనుంటాను." నా చెయ్యి మీద తట్టింది, నన్ను ఓదార్చడానికన్నట్టు. "అది యాడన్నా ఇట్లాంటి బస్సులోనే ఉంటే, పక్కనే నిలబడుకోనుంటే, ఊరకే ఫోన్ సూసుకుంటే, కనపడతాది కదా. మాట్లాడకపోయినా పర్వాలేదు. అది తెలుసుకుంటే సాలు."

ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను, మూసేద్దామనే. ఆ మీట ఎక్కడుందో నాకు తెలుసు. వేలు దాని మీద పెట్టాను కూడా. తర్వాత ఫోన్‌ను అలాగే ఆమె ఒళ్లో పెట్టేశాను.

నా స్టాపు వచ్చింది. దిగి రోడ్డు పక్కన నిలబడి మళ్లీ వెతికాను. అన్ని పేర్ల మధ్యా ఆ పేరు ఉంది. బస్సు కదిలింది. ఇంకోసారి వెతికాను. లేదు.